ఒక రోజు ముందొచ్చిన బస్సు

సున్నపు నీళ్ళలో ఉడికిన మొక్కజొన్నలని బసీలియా మూడోసారి కడుగుతోంది. గింజని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే పొట్టు జారిపోవాలి, కొసన ఉండే ముక్కు మాత్రం ఊడకూడదు. ఊడిందంటే సున్నం ఎక్కువైనట్టు. ఆమె ఒక గింజ నలిపి చూసింది, ఇంకొకటి నలిపింది, సరేననుకుని గిన్నె వంచింది. పసుపుపచ్చటి నీళ్ళు వాకిట్లో కాలవ కట్టాయి. కోళ్ళు పరుగెత్తుకొచ్చి, వాసన చూసి, విసుగ్గా వెనక్కి మళ్ళాయి.

ఇలోనా కిందిపీట మీద కూచుని తోటకూర ఒలుస్తోంది. హంగరీ పిల్ల, చదువు కోసం ఈ కొండ ఊరు మొమొస్తెనాంగోకి వచ్చి మూడు నెలలైంది. అప్పటినుంచీ ఈ ఇంట్లోనే మకాం. మొదటి వారం కాడలన్నీ పారేసి ఆకులు మాత్రమే ఉంచేది. ఇప్పుడు లేత కాడలు కూడా గిల్లి వేస్తోంది.

పొయ్యి పక్క గోడకి విదేశీ విద్యార్థుల బడివాళ్ళు అంటించిన కాగితం ఉంది. విద్యార్థులకి ఇళ్ళల్లో ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో అందులో రాసి, చదివి వినిపించారు కూడా. పొద్దున పాలు, డబ్బాలో వచ్చే మొక్కజొన్న అటుకులు. మధ్యాహ్నం పాస్తా. 'అడవి ఆకులు వద్దు, పచ్చళ్ళు వద్దు, ఆకులో ఉడికించిన ముద్దలు వద్దు.' మొదటి మనుషుల్ని మొక్కజొన్న పిండితో చేశారని నమ్మే ఊళ్ళో, ఇంటి వెనక మొక్కజొన్న చేను పెట్టుకుని, డబ్బాలో అటుకులట! బసీలియాకి ఆ కాగితం చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. డబ్బా మాత్రం అటక మీద పెట్టింది, విప్పలేదు. ఇలోనా కూడా విప్పమని అడగలేదు.

"అమ్మా, మీ రోజుల లెక్కలో ఇవాళ ఆరు తోహ్ అట కదా?" అంది ఇలోనా.

బసీలియా చెయ్యి ఆగింది. "ఎవరన్నారు?"

"డాన్ ఎవరార్దో. క్లాసులో పెద్ద పటం ఉంది. నేను పుట్టిన రోజు కూడా అందులో చూసి, ఆ రోజు పేరు కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చారు."

"ఇవాళ ఐదు కానిల్. గింజ రోజు. పొద్దున మొక్కజొన్నలకి దండం పెట్టాకే గదా పొయ్యి మీదికి ఎక్కించాను? నువ్వు పక్కనే ఉన్నావు."

"అయితే పటం తప్పా?"

"పటం సంగతి నాకు తెలీదు. రోజు సంగతి తెలుసు."

పక్క గదిలో మగ్గం ఆగింది. భర్త సిప్రియానో ఉన్ని కంబళి నేస్తూ అక్కణ్ణుంచే కేకేశాడు. "పిల్లా, మీ పంతులుకి రోజులన్నీ ఒకటే. ఆయనకి ప్రతి రోజూ భోజనాల రోజే!"

ఇలోనా నవ్వలేదు. "ఎల్లుండి ఆదివారం ఎనిమిది బాట్స్ పండగ అని మమ్మల్నందర్నీ బస్సులో పెంకుల మెట్టకి తీసుకెళ్తారు. సోమవారం తెల్లారగానే విమానానికి వెళ్ళిపోతాం. మళ్ళీ ఎప్పుడొస్తామో. అది చూడకుండా వెళ్తే ఈ మూడు నెలలూ ఎందుకు?"

"ఎనిమిది బాట్స్ సోమవారం తల్లీ," అంది బసీలియా. కాస్త మెల్లిగా అంది, ఆ రోజు పేరు ఈ మధ్య ఆమె గట్టిగా అనడం లేదు.

రెండువందల అరవై రోజులుగా ఆమె మకారియో తాత దగ్గర రోజుల లెక్క నేర్చుకుంటోంది. ఇరవై పేర్లు, పదమూడు అంకెలు. ఒక్కో రోజూ ఒక్కో పెద్దమనిషి. మూట భుజానికెత్తుకుని వస్తాడు, సాయంత్రానికి దించుకుని పోతాడు. ఆయన్ని పేరు పెట్టి పలకరించాలి, ఆయన పని ఆయన్ని చెయ్యనివ్వాలి. అలా ఒక చుట్టు తిరిగి ఎనిమిది బాట్స్ వచ్చిన రోజున, మెట్ట మీద, అందరి ముందూ, తాత ఆమె చేతికి రోజులు లెక్కపెట్టే ఎర్రగింజల మూట ఇస్తాడు. ఆనాటినుంచి ఆమె రోజులు చెప్పే మనిషి. అది తప్పితే మళ్ళీ రెండువందల అరవై రోజులు ఆగాలి. అప్పటికి తాత ఉండడు. ఆ మాట తాతే అన్నాడు, ఏ బాధా లేకుండా, పొగాకు నలుపుకుంటూ. "వచ్చే చుట్టుకి నేను ఆ పెంకుల కిందే ఉంటాను. పైకొచ్చి మూట ఇమ్మంటే ఇవ్వలేను, చెప్తున్నా."

*

శనివారం పొద్దున్నే బసీలియా బడికెళ్ళింది. వీధి తలుపు విద్యార్థులకి, వెనక తలుపు వంట తెచ్చే ఆడవాళ్ళకి. వెనక తలుపు నుంచే వెళ్ళింది. క్లాసు గది గడప దగ్గర నిలబడి మొదటిసారి ఆ పటం చూసింది. గోడంత పటం, రంగురంగుల బొమ్మలు, అంకెలు, పక్కన మామూలు తేదీలు. చదువు రాకపోయినా అంకెలు వచ్చు, బొమ్మలు వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్క గడీ దాటుకుంటూ వచ్చింది. అవును, అన్నీ ఒక రోజు ముందుకి జరిగి ఉన్నాయి. ఈ రోజు మీద కుక్క బొమ్మ ఉంది. ఈ రోజు కుక్కది కాదు.

"ఏం బసీలియా, క్లాసులో కూచుంటావా?" డాన్ ఎవరార్దో కాఫీ కప్పుతో వచ్చాడు. రాజధాని నుంచి వచ్చి బడి పెట్టి, ఊళ్ళో అందరిచేతా 'డాన్', అంటే అయ్యగారు, అనిపించుకునే మనిషి. మనిషి చెడ్డవాడేం కాదు. పండగలకి ఆడవాళ్ళకి సబ్బులు పంచుతాడు. కానీ ఆయన నోటి నుంచి ఆమెకి 'మీరు' అనే మాట ఇన్నేళ్ళలో ఒక్కసారి రాలేదు.

"అయ్యా, పటం ఒక రోజు ముందుంది. ఇవాళ ఆరు తోహ్. రేపు ఏడు త్సీ, కుక్క రోజు. ఎనిమిది బాట్స్ సోమవారం."

ఆయన నవ్వాడు. "కంప్యూటర్లో వేయించాం ఇది. కంప్యూటరు తప్పు చెప్తుందా, మీ తాత తప్పు చెప్తాడా? ఆయనకి ఎదుటి మనిషే కనపడడు."

"రేపు మెట్ట మీద ఎవరూ ఉండరయ్యా."

"నువ్వు ఉంటావుగా! చాలు." కప్పు బల్ల మీద పెట్టి వేళ్ళు మడిచాడు. "ఇరవై ఆరుమందికి పండగ వంట. టర్కీ కోడి ఇగురు, అది తప్పకుండా. ఆ కుట్టుపని రవిక వేసుకురా. ధూపం వేసి, మంట వెలిగించి, మీ భాషలో నాలుగు మాటలు చెప్పు. అర్థం నేను చెప్తాను. పది నిమిషాల పని."

"నాకింకా మూట ఇవ్వలేదు."

"మూట ఎవడడిగాడమ్మా? ఫోటోలో మూట కనపడదు."

అక్కడే వంటపాత్రలు తోముతున్న ఇద్దరు ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. బసీలియాకి చెంపలు వేడెక్కాయి. "రేపు కుక్క రోజు. ఆ రోజు మొదలుపెట్టిన పని తగాదాలో తేలుతుంది. పండగ వంట రేపు వండను. మామూలు వంట వండి తెస్తాను, తినేవాళ్ళు తింటారు."

డాన్ ఎవరార్దో ఆమెని ఎగాదిగా చూశాడు. కోపం తెచ్చుకోలేదు, అదే ఆమెకి మరీ మంటపుట్టించింది. "చూడు బసీలియా. వచ్చే వారం కొత్త జట్టు వస్తోంది. విద్యార్థుల్ని పెట్టుకుంటామని ఎన్ని ఇళ్ళవాళ్ళు నా చుట్టూ తిరుగుతున్నారో నీకు తెలుసు. లెక్కలు నాకొదిలెయ్. నువ్వు వంట చూసుకో."

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. సిప్రియానో దారం ఉండ చుడుతూ అంతా విన్నాడు. ఇలోనాకి ముందు ఆ ఇంట్లో పదకొండుమంది ఉండి వెళ్ళారు. పైకప్పు మీది కొత్త రేకులు వాళ్ళ పుణ్యమే. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

"పది నిమిషాల పనేగా అన్నాడు," అన్నాడు చివరికి.

"నువ్వూ అదే మాటంటావా?"

"అనట్లేదు. ఎలా ఉంటుందో నోటితో అని చూశాను. బాలేదు." దారం తెంపాడు. "తాతకి తెలిస్తే మూట ఇస్తాడా?"

"ఒకడి కోసం రోజుని జరిపినదానికి రోజులు అప్పగిస్తాడా?"

"మరింకేం? రేకులు ఎక్కడికీ పోవులే. తోటకూర వండు."

*

ఆదివారం సంత. ఊరంతా ఉన్ని, మేకలు, మిరపకాయలు. సంత మధ్య నుంచి హారను కొట్టుకుంటూ బడి బస్సు మెట్ట వైపు వెళ్తుంటే, కంబళ్ళ వరసలో కూచున్నవాళ్ళంతా తలలెత్తి చూశారు.

"ఎక్కడికమ్మా వీళ్ళు?"

"ఎనిమిది బాట్స్‌కట!"

"ఇవాళా?"

ఒకామె నవ్వు ఆపుకోలేక మొహం శాలువాలో దాచుకుంది. ముందు సీట్లో తలుపు పక్కన గంప ఒళ్ళో పెట్టుకుని కూచున్న బసీలియాకి అవన్నీ వినపడ్డాయి. మామూలు రవికే వేసుకుంది.

మెట్ట మీద గాలి తప్ప ఎవరూ లేరు. తరతరాలుగా మొక్కులకి తెచ్చి పగలగొట్టిన కుండపెంకులు గుట్టలుగా పడి ఉన్నాయి. ఎప్పటివో పాత బూడిదలు. ఒక పసుపురంగు కుక్క బూడిదలో పడుకుని ఉంది. ఇరవై ఆరుమంది విద్యార్థులు కెమెరాలు పట్టుకుని దిగి అటూ ఇటూ చూశారు. కుక్క లేచి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకుంది.

డాన్ ఎవరార్దో చేతిమైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "వస్తారు, వస్తారు. మన జనానికి టైమంటే లెక్క లేదు కదా!"

అరగంట గడిచింది. ఇద్దరు కుర్రాళ్ళు పెంకులు ఏరుతున్నారు. ఒకమ్మాయి చలికి గడగడలాడుతోంది. ఆయన బసీలియా దగ్గరికొచ్చి, పళ్ళ బిగువున అన్నాడు. "వెలిగించు."

"వెలిగించను."

"అందరూ చూస్తున్నారు. పరువు తియ్యకు."

"మీ పరువు తియ్యాలని నాకు లేదయ్యా. నిన్ననే చెప్పాను."

ఆయన మొహం మాడిపోయింది. ఒక్కసారిగా గొంతు పెరిగింది, మైకు ఆపడం మరిచిపోయాడు. "ఈ లెక్క నాకెవరు చెప్పారనుకున్నావు? నువ్వే! రెండేళ్ళ కింద నేనే స్వయంగా మీ ఇంటికొచ్చి, ఇవాళ ఏ రోజు అని అడిగితే, నువ్వు చెప్పిందే రాసుకున్నాను. దాన్నిబట్టే పటమంతా వేయించాను. ఇప్పుడు అందరిముందూ నా లెక్క తప్పంటావా?"

ఆ మాటలు మెట్టంతా మోగాయి. విద్యార్థులు గుడ్లప్పగించి చూస్తున్నారు. బసీలియా కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుంది. రెండేళ్ళ కింద. అవును, వచ్చాడు. ఏదో పుస్తకం చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. తను ఏం చేస్తోందప్పుడు? చేతిలో గింజలున్నాయి. కోళ్ళు కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి.

"మీరొచ్చినప్పుడు నేను కోళ్ళని గూట్లోకి తోలుతున్నాను," అంది.

"అయితే ఏమిటి?"

"అయితే అది సాయంత్రం." ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "సాయంత్రం అయ్యేసరికి ఆనాటి రోజు మూట దించేసుకుంటుందయ్యా. మర్నాటిది అప్పటికే గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది. ఆ వేళప్పుడు అడిగితే మావాళ్ళెవరైనా వచ్చే రోజు పేరే చెప్తారు. దీపాలు పెట్టే వేళకి మేం దండం పెట్టేది రేపటికి. మీరు సాయంత్రం అడిగి, ఆ పేరుని ఆనాటి తేదీ పక్కనే రాసుకున్నారు."

అక్కడితో ఆపేస్తే తప్పంతా ఆయనదే అనుకుంటారు. అయినా అనేసింది. "తప్పు నా నోట్లోంచే వచ్చింది. ఊరివాడు కాదు, ఈయనకి తెలీదు అని నేను ఆలోచించలేదు. ఆ తప్పు నాదే. దాన్ని ఇవాళ మంట వెలిగించి నిజం చెయ్యమంటే మాత్రం చెయ్యను."

డాన్ ఎవరార్దో మైకు మీట నొక్కి ఆపాడు. "వచ్చే జట్టు నుంచి మీ ఇంటికి ఎవరూ రారు," అన్నాడు మెల్లిగా.

"సరే."

అంత చిన్న మాట తన నోటి నుంచి అంత తేలిగ్గా వచ్చినందుకు బసీలియాకే ఆశ్చర్యమేసింది. గంప దించి, గుడ్డ తీసింది. ఆకుల్లో చుట్టి ఉడికించిన చిక్కుడు గింజల ముద్దలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. తోటకూర కూర, వేయించిన గుమ్మడి గింజల పొడి, కాల్చిన టమాటా పచ్చడి. గోడ మీది కాగితంలో వద్దన్నవన్నీ ఉన్నాయి. ఇలోనా అందరికంటే ముందొచ్చి పెంకుల మీద చతికిలబడి, ముద్ద ఆకు విప్పి, పక్కవాళ్ళకి ఎలా విప్పాలో చూపించింది. ఆకలి మీదున్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూచున్నారు.

"ఇవాళ ఏం రోజని తింటున్నాం?" అని ఒక కుర్రాడు నోటినిండా ముద్దతో అడిగాడు.

"కుక్క రోజు. తగవులొచ్చే రోజు." అతనికింకో ముద్ద ఇచ్చింది. "కడుపు నిండితే తగవు తగ్గుతుంది. తిను."

పిల్లలు నవ్వారు. పసుపు కుక్క లేచొచ్చి తనక్కావలసిన ముద్ద తను తీసుకుంది. డాన్ ఎవరార్దో బస్సెక్కి కూచున్నాడు, కిందికి దిగలేదు.

*

బస్సు సంతలో దింపగానే బసీలియా ఇంటికెళ్ళలేదు, నేరుగా మకారియో తాత ఇంటికెళ్ళింది. తాత ఎండలో కూచుని ఉన్నాడు. ఆమె కిందే కూచుని దాచకుండా అంతా చెప్పింది, కోళ్ళతో సహా.

తాత పొగాకు దవడన పెట్టుకుని విన్నాడు. "రెండేళ్ళ నుంచి ఎంతమంది పిల్లలకి తప్పు రోజు ముద్ర వేసి ఇచ్చుంటాడు?"

"తెలీదు తాతా. చాలామందికే."

"ఏ దేశాలు తిరుగుతున్నారో పాపం, వేరేవాడి రోజుని జేబులో పెట్టుకుని." పొగాకు ఉమ్మేశాడు. "అడిగినవాడెవడు, అడిగిన వేళేది అని చూడకుండా చెప్పావు. తొమ్మిది నెలలు నేర్చుకున్నదానికంటే ఇది పెద్ద పాఠం. మొదట ఇదే నేర్పాల్సింది, నాదే బుద్ధితక్కువ."

"మూట ఇవ్వవా?" అంది బసీలియా.

తాత కళ్ళు చికిలించి, ఆమె మొహం ఉన్న వైపు చూశాడు. "ఇరవై పేర్లు చెప్పు. ఇవాళ్టి నుంచి మొదలెట్టి."

చెప్పింది. ఒక్కటీ తడబడలేదు. చెప్తుంటే కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఇంటికెళ్ళి టర్కీ కొయ్యి," అన్నాడు తాత. "రేపు నాకు మెత్తటి ముక్క పెట్టు, పళ్ళు లేవు."

*

సోమవారం తెల్లారేసరికి దారులన్నీ నిండిపోయాయి. నలుదిక్కుల ఊళ్ళ నుంచి పూలు, కొవ్వొత్తులు, ధూపం పొట్లాలు, కుండలు పట్టుకుని జనం మెట్ట వైపు నడుస్తున్నారు. ఎంతమంది వస్తారో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చెప్పక్కర్లేదు. కుట్టుపని రవిక వేసుకుని, తాత చెయ్యి పట్టుకుని బసీలియా కూడా నడుస్తోంది. వెనక సిప్రియానో టర్కీ ఇగురు కుండ మోస్తూ, "జరగండి, జరగండి, ఒలికితే పండగ నా చొక్కా మీదే!" అని అరుస్తున్నాడు.

మలుపు దగ్గర బడి బస్సు ఆగిపోయి ఉంది. రాజధానికి వెళ్ళే దారి అదే. డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టి, తీసేశాడు. జనం బస్సుకి రెండు వైపుల నుంచీ కదిలిపోతున్నారు. కిటికీలన్నిటికీ మొహాలు అతుక్కుని ఉన్నాయి. ఇలోనా కిటికీలోంచి సగం ఒళ్ళు బయటికి పెట్టి, ఏడుస్తూ నవ్వుతూ అరిచింది. "అమ్మా! ఎనిమిది బాట్స్!"

బసీలియా చెయ్యెత్తింది. ముందు సీట్లో డాన్ ఎవరార్దో తిన్నగా ఎదురుగా చూస్తూ కూచున్నాడు. ఆయన చూడగలిగినంత దూరం జనమే ఉన్నారు.

మెట్ట మీద వందల మంటలు, ధూపం పొగలో పక్కమనిషి కనపడడం లేదు. తాత మోకాళ్ళ మీద కూచుని, ఎర్రగింజల మూటని ఆమె రెండు అరచేతుల్లో పెట్టి, తన చేతులతో మూశాడు. చిన్న మూట. ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు. తాత చేతులు వదిలేశాక మాత్రం బరువు తెలిసింది.

*

డ్రైవరు సిప్రియానోకి వేలువిడిచిన తమ్ముడు. విమానాశ్రయం దాకా బస్సులో ఏం జరిగిందో అతనే వచ్చి చెప్పాడు. పిల్లలు ముద్ర వేసిన కాగితాలు తీసి, ఒక్కొక్కరే డాన్ ఎవరార్దోని అడిగారట, 'నేను పుట్టిన రోజు కూడా ఒక రోజు ముందుకి జరిగిపోయిందా? మరి అసలుది ఏది?' అని. ఆయన ఆరు గంటలు నిద్ర నటించాడట.

బుధవారం సాయంత్రం బసీలియా కోళ్ళని గూట్లోకి తోలుతోంది. వాకిట్లో ఎవరో ఆగిన చప్పుడైంది. చంకలో చుట్టిన పటం, చేతిలో నల్లరంగు పెన్ను, డాన్ ఎవరార్దో. ఎక్కడ నిలబడాలో తెలియనట్టు ఒక కాలు గడపలో, ఒక కాలు బయట.

"రేపు కొత్త జట్టు వస్తోంది," అన్నాడు. "పటం దిద్దాలి." దగ్గాడు. ఆ మాట ఆయన గొంతులోంచి బయటికి రావడానికి కష్టపడింది. "బసీలియాగారూ, ఇవాళ ఏ రోజు?"

కోళ్ళు ఆమె కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. పొద్దు మెట్ట వెనక్కి దిగింది. ఇవాళ్టి రోజు మూట దించేసుకుంటోంది. రేపటిది గుమ్మం దగ్గరికి వచ్చేసింది, ఆమెకి తెలుస్తూనే ఉంది. పేరు నాలిక మీదే ఉంది. చివరి కోడిని గూట్లోకి తోసి, తలుపేసి, గడియ పెట్టింది.

"పొద్దున్నే అడగాలి," అంది.

"ఇప్పుడే చెప్తే—"

"పొద్దున్నే. నేనే వస్తాను బడికి. వీధి తలుపు తీసి ఉంచండి. పటం ముందు కుర్చీ వెయ్యండి. పిల్లలొచ్చాక ఏ రోజో నేను చెప్తాను, కూచుని."

ఆయన పెన్ను వైపు చూసుకున్నాడు, మూత పెట్టుకున్నాడు.

"భోజనం చేసి వెళ్ళండి," అంది బసీలియా లోపలికి నడుస్తూ. "తోటకూరే ఉంది."